కలపలేదు, చల్లాం

పోయిన వారం కథ ఆగేసరికి నేను మా బేకరీ వెనక గది గుమ్మంలో, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. ఇంకా అక్కడే ఉన్నాను. మా ఆయన అన్న, రొట్టెలు చేసే బావగారి కుడిచేతి వంక చూస్తున్నాను. ఆ చేతిని చూస్తుంటే నా ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో చెప్పేముందు, పత్రిక ఈ వారమే చేతిలోకి తీసుకున్నవాళ్ళకు నా సంగతి కాస్త చెప్పాలి.

నాకు గోధుమ పడదు. ఇష్టం లేక కాదు, చచ్చేంత ఇష్టం. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుంది. అది గోరంత కడుపులోకి వెళ్ళినా నా ఒళ్ళు దాని మీద కక్షకట్టి నా పేగులనే పుండు చేసుకుంటుంది. దానికి తోడు పాలు పడవు, గుడ్డు పడదు, సోయా పడదు. ఇన్ని పడనిదాన్ని, వచ్చి పడింది మాత్రం బేకరీవాళ్ళ ఇంట్లో. కింద బేకరీ, పైన కాపురం. పెళ్ళయిన కొత్తలో ఈ జబ్బుందని నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. తెలిశాక అత్తవారింట్లో నా పేరే మారిపోయింది. పడదమ్మ తిన్నదా, పడదమ్మను కూడా అడగండి ఇదైనా పడుతుందేమో, అంటారు. నవ్వుతూనే అంటారు. నవ్వుతూ అన్న మాటకు కోపం తెచ్చుకుంటే పడదమ్మకు హాస్యం కూడా పడదంటారు.

పడదంటే ఏమిటో అన్నీ పడేవాళ్ళకు చెప్పడం నావల్ల కాలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందే కడుపు నింపుకుని వెళ్ళాలి, లేదా డబ్బా పట్టుకెళ్ళాలి. డబ్బా మూత తీస్తే మా వంట మీద నమ్మకం లేదా అని మూతి ముడుస్తారు. తీయకపోతే, కొంచెం తింటే ఏం కాదులే అని పళ్ళెంలో వడ్డించేస్తారు. ఈ "కొంచెం" అన్న మాట పుట్టించినవాళ్ళెవరో కనిపిస్తే నాలుగు దులిపేయాలని ఉంది. సూప్ చిక్కబడడానికి ఏం వేశారని అడిగితే వంటవాడికి కోపం. ఈ మాత్ర పైపూతలో ఏముందని అడిగితే మందుల షాపతనికి నవ్వు. ఇంత జాగ్రత్తా పడి, నోరు కట్టుకుని, చివరికి నాకు దక్కిన పేరేమిటో ఇంకాసేపట్లో వింటారు.

మా ఆయన బుర్ర పాదరసం. నాకోసం ఎలాగూ విడిగా రొట్టె చేస్తున్నాం, నాలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకెందరున్నారో, అదే అమ్మితే పోలేదా అన్నాడు. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, బంగాళదుంప పొడి. పాలు లేవు, గుడ్డు లేదు. రొట్టె చుట్టే కాగితం మీద నేను రొట్టెముక్క కొరుకుతున్న ఫోటో, దాని కింద "మా కోడలు తినే రొట్టె, గోధుమ కలపలేదు" అని అచ్చు వేయించాడు. షాపులోకి వచ్చినవాళ్ళకు అత్తయ్య అదే పాఠం నోటితో అప్పజెప్పేది. మా కోడలు తినే రొట్టె అండీ, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి అని. ఊరి అవతలి కొస నుంచి కూడా జనం వచ్చి తీసుకెళ్ళారు, నా మొహం చూసి.

నాకు మాత్రం నయం కాలేదు. కడుపునొప్పి అలాగే ఉంది, దువ్వెన నిండా జుట్టు అలాగే వస్తోంది. మా పేగుల డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఫలితం చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. మీరు తినడం లేదంటున్నారు, మీ రక్తం తింటున్నానంటోంది, అంది. ఆ మాట ఆసుపత్రి నుంచి మాకంటే ముందే ఇంటికి చేరినట్టుంది. ఆ రోజు నుంచి అత్తయ్య కేకుల బీరువాకు తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకుంది. అంటే నేను దొంగతిండి తింటున్నానని. ఎవరూ చూడకుండా కిందికి దిగి క్రీము కేకులు మింగి, పైకొచ్చి మూలుగుతున్నానని. నేను తినలేదని ఎన్నిసార్లు చెప్పినా, మరి ఎలా వస్తుందమ్మా అనేవాళ్ళు. ఎలా వస్తుందో నాకు మాత్రం ఏం తెలుసు? మా ఆయన మధ్యలో కూర్చుని పేపరు చదువుకునేవాడు.

ఇక సంగీతం టీచరు. ఆవిడ కూతురిదీ నా జబ్బే. వయసుకు తగ్గ ఎదుగుదల లేదు, చేతులు అగ్గిపుల్లలు. నా ఫోటో చూసి, ఒకరోజు షాపులో నన్ను పట్టుకుని, మీరు తింటున్నారంటే చాలమ్మా, ఇక నాకు భయం లేదు, అంది. అప్పటి నుంచి ఆ పిల్లకు పొద్దునా సాయంత్రం మా రొట్టే. నాలాగే పిల్లకూ నయం కాలేదు. ఆ ఇంట్లో దొంగతిండి అనడానికి వీల్లేదు, పిల్ల తల్లి కళ్ళెదుటే ఉంటుంది. అందుకని ఆ పిల్లను కూడా చూస్తున్న మా డాక్టరమ్మ, తిండి ఇంత శుభ్రంగా ఉన్నా పేగు మానడం లేదంటే జబ్బు ముదిరినట్టే అని తేల్చింది. ఈ సాయంత్రం ఆసుపత్రిలో చేర్చుకుని, రేపు పొద్దున ఒక గట్టి మందు మొదలుపెడతారట. ఆ మందు పేగును కాపాడుతుంది గాని ఒంట్లోని నిరోధక శక్తిని అణిచేస్తుంది. అది మొదలుపెడితే జలుబు చేసినా ఆ పిల్లకు గండమే.

టీచరు పొద్దున నాకు ఫోన్ చేసి, ఆసుపత్రి వంట మీద నమ్మకం లేదు, మీ రొట్టెలు రెండు పక్కన పెట్టించండి, దారిలో తీసుకుంటానంది. ఆ మాట బావగారికి చెప్పాలని మెట్ల మీద నుంచి కేకేశాను. కింద పిండి కలిపే మిషను మోతలో ఎవరికీ వినపడలేదు. పిండి ధూళి పీల్చకూడదని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నేను ఆ గది గుమ్మం తొక్కలేదు. నా రొట్టె ఎలా చేస్తారో నేనెప్పుడూ చూడలేదంటే నమ్ముతారా? మెట్ల మీద నుంచే, బావగారూ గోధుమ కలపలేదు కదా అని అరిచేదాన్ని. కలపలేదమ్మా అని కింద నుంచి జవాబొచ్చేది. ఇవాళ చేతిరుమాలు అడ్డం పెట్టుకుని దిగాను. అక్కడ ఆగిపోయింది కథ.

బావగారు నా రొట్టెకు ఎంత మడి కడతాడో ముందు అది చూశాను. నా పిండికని విడిగా గిన్నె, దాని చెవికి ఎర్రదారం. విడిగా గరిటె, విడిగా అచ్చు. బల్లను తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. ఆ తర్వాత, శుభ్రంగా కడిగిన ఆ కుడిచేతిని తీసుకెళ్ళి బల్ల మూలనున్న రేకు గిన్నెలో పెట్టాడు. గుప్పెడు తెల్లటి పొడి తీసి, కోళ్ళకు గింజలు వేసినంత తేలిగ్గా బల్ల మీద చల్లాడు. నా పిండిముద్దను దాని మీద దొర్లించాడు. అచ్చులో పెట్టాక జల్లెడలో ఇంకాస్త పోసి పైన మంచులా రాల్చాడు. ఫోటోలో నా పెదవికి అంటుకుని ఉన్న తెల్లటి పొడి అదే.

మిషను ఆగింది. గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చుని అత్తయ్య రొట్టెలు చుట్టే కాగితాలు మడతపెడుతోంది. నన్ను చూసి, పడదమ్మ ఇలా వచ్చిందేమిటి, అంది.

"బావగారూ, ఆ గిన్నెలో ఏముంది?"

"పొడిపిండమ్మా. బల్లకు అంటుకోకుండా."

"దేని పిండి?"

నీళ్ళు దేనితో చేస్తారని అడిగినట్టు చూశాడు నన్ను. "మైదా. గోధుమదే కదా ఎప్పుడూ ఉండేది."

గుమ్మం పట్టుకున్నాను. మరి కలపలేదని నాతో అన్ని రోజులు ఎలా చెప్పారని అడిగాను.

"కలపలేదమ్మా, ఒట్టు," అన్నాడు బావగారు. నిజంగానే బాధపడ్డాడు. "నీ పిండిలో నేను చిటికెడు కూడా కలపలేదు. ఇది కలిపింది కాదు, పైన చల్లింది. తూకం వేసేది పిండి. చల్లేది పొడి. పొడిపిండి లెక్కలోకి రాదు. మా నాన్న దగ్గర నేర్చుకున్నప్పటి నుంచీ అంతే."

ఆయన అబద్ధం ఆడలేదు. అదే నా కర్మ. ఒక్క మనిషైనా అబద్ధం ఆడి ఉంటే పట్టుకుని కడిగేసేదాన్ని. వాళ్ళ వృత్తిలో పొడిపిండి పిండి కాదు. బల్ల మీద గాలి ఎలాంటిదో అది అలాంటిది. రోజూ నా కోసం చేతులు కడుక్కుని, గిన్నెకు దారం కట్టి, పక్కవాణ్ణి దగ్గరికి రానీయకుండా, ఆ తర్వాత అంత ప్రేమగానూ నాకు గోధుమ పెట్టాడు ఈ మనిషి. నేను తిన్నాను. తిని, దొంగనని పేరు తెచ్చుకున్నాను.

ఈ పొడి నా కడుపులోకి వెళ్తే ఏమవుతుందో అక్కడే నిలబడి చెప్పాను. పొయ్యిలో కాలినా అది చావదని, రొట్టె కోసే చాకు అంచుకు అంటినా నాకు చాలని చెప్పాను. బావగారు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు వెనక్కి దాచుకున్నాడు. అత్తయ్య కాగితాలు మడవడం మానేసింది.

"అయితే నువ్వు కేకులు తినలేదా?" అంది.

"తినలేదత్తయ్యా. ఒక్కటి కూడా తినలేదు."

ఆవిడ చెయ్యి నడుము దగ్గరి తాళంచెవి మీదికి వెళ్ళింది. క్షమించమంటుందేమో అని ఒక్క క్షణం వెర్రిగా ఎదురుచూశాను. ఒళ్ళోని కాగితాల మీదున్న నా మొహాల వంక చూస్తూ కూర్చుంది.

మా మాటలు విని కౌంటరు దగ్గర నుంచి మా ఆయన వచ్చాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చేసిన పని ఏమిటంటే, వెనక్కి తిరిగి షాపు వైపు తలుపు మూశాడు. ముందు అది చేశాడు. నీకు ఎలా ఉంది అని అడగలేదు. పిల్ల సంగతేమిటని అడగలేదు. బయటివాళ్ళకు వినపడకూడదు, అంతే. తలుపు మూశాక, రేపటి నుంచి బియ్యప్పిండి చల్లుదాం, దీనికింత గొడవెందుకు, అన్నాడు.

బావగారికి అప్పుడు కోపమొచ్చింది. తప్పంతా తన మీదే పడుతోందని ఆయన బాధ. "ఒరేయ్, నువ్వు చూశావుగా," అన్నాడు తమ్ముడితో. "ఫోటో తీసిన రోజు నువ్వు ఇక్కడే నిలబడ్డావు. ఇంకాస్త చల్లన్నయ్యా, పైన తెల్లగా ఉంటే ఫోటోలో బాగుంటుంది అన్నావు. తప్పయితే అప్పుడే చెప్పొద్దా? డాక్టరు దగ్గరికి వెళ్ళేది నువ్వు. నేను చదువుకున్నానా, వెళ్ళానా?"

మా ఆయన వెళ్ళి తలుపు సరిగా పడిందో లేదో చూశాడు.

నా బుర్రలో చాలా తిరిగాయి. డాక్టరమ్మ ఎదురుగా నా పక్క కుర్చీలో కూర్చుని చాకు అంచు సంగతి విన్నది ఈయనే. ఇంటికొచ్చి నా చెంచాలు, నా గిన్నెలు వేరే అరలో సర్దింది ఈయనే. చూడండి మావారు ఎంత జాగ్రత్తో అని నేను నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది ఈయన గురించే. తల్లి బీరువాకు తాళం వేసి నన్ను దొంగను చేసినప్పుడు, నా రక్తంలోకి గోధుమ ఎటు నుంచి వచ్చిందో ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు పేపరు చదువుకున్నాడు.

"మీకు తెలుసా?" అన్నాను.

"అంతమాత్రం దానికి ఏమవుతుందిలే అనుకున్నాను," అన్నాడు. నేల వంక చూస్తూ అన్నాడు. "బియ్యప్పిండి చల్లి చూశాను ఒకసారి. ఆ రంగు రాలేదు, ముక్క గరుకుగా వచ్చింది. అప్పటికే జనం ఈ రొట్టెకు అలవాటు పడ్డారు. ఇప్పుడు తెల్లగా లేకపోతే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పను?"

అంటే ఆయన బియ్యప్పిండితో చేసి చూశాడు. తేడా తెలుసు కాబట్టే చేసి చూశాడు. చూసి, రంగు నచ్చక మళ్ళీ మైదాకే వచ్చాడు. నా పేగుకూ రొట్టె రంగుకూ మధ్య ఎటు మొగ్గాడో నాకిప్పుడు తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళు ఒంట్లో ఓపిక లేదని మూలన కూర్చున్నదాన్ని, ఎక్కడి నుంచి వచ్చిందో అంత ఓపిక వచ్చింది.

నా సంగతి తర్వాత చూసుకుందాం, ముందు సంగీతం టీచరుకు ఈ మాట చెప్పాలి, అన్నాను. రేపు పొద్దున ఆ పిల్లకు మందు మొదలుపెట్టేది మన రొట్టె శుభ్రమైందని నమ్మి. నమ్మించింది నా ఫోటో. చెబితే మందు ఆపుతారు, తిండి మార్చి చూస్తారు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మెల్లగా చెబుదామన్నాడు. పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చాక చెబుదామన్నాడు. ఇప్పుడు చెబితే షాపు మూసుకోవాల్సి వస్తుంది, అన్నయ్య పిల్లల గతేమిటి, అమ్మ గతేమిటి అన్నాడు. ఆ గతుల్లో టీచరు కూతురు లేదు. నేనూ లేను.

తలుపు అవతల షాపు గంట మోగింది. నా చెయ్యి వదిలేసి ఆయన ఒక్క అంగలో బయటికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

టీచరే. భుజానికి ఆసుపత్రి సంచి, అందులోంచి పైకి కనిపిస్తూ పిల్ల దిండు. అద్దాల అవతల టాక్సీ ఆగి ఉంది. వెనక సీట్లో ఆ పిల్ల కిటికీకి నుదురు ఆనించి మా కేకుల వంక చూస్తోంది. అడగకూడదని తెలిసిన పిల్లలు అలాగే చూస్తారు, నాకు తెలుసు. మా ఆయన అప్పటికే రెండు రొట్టెలు కాగితంలో చుట్టేస్తున్నాడు. కాగితం మీద నేను నవ్వుతున్నాను.

టీచరు నన్ను చూసి మొహం విప్పార్చుకుంది. ఆ తర్వాత, అలవాటుగా, రోజూ అడిగేదే అడిగింది.

"గోధుమ కలపలేదు కదమ్మా?"

"కలపలేదండీ," అన్నాడు మా ఆయన, రొట్టెలు ఆవిడ చేతికిస్తూ. తడుముకోలేదు. ఎంత నిజం చెప్పాడో చూడండి.

"కలపలేదు టీచర్‌గారూ, చల్లాం," అన్నాను. "ఆ పైన తెల్లగా ఉన్నది గోధుమపిండే. నాకు ఇవాళే తెలిసింది. ఆ రొట్టె పాపకు పెట్టకండి. డాక్టరమ్మకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, ఇన్నాళ్ళూ పాప గోధుమ తింటూనే ఉందని."

ఆవిడకు ఒక్కసారిగా అర్థం కాలేదు. చేతిలోని రొట్టె వంక, నా వంక, మళ్ళీ రొట్టె వంక చూసింది. కౌంటరు పలక ఎత్తి ఆవిడ దగ్గరికి వెళ్దామనుకున్నాను. మా ఆయన పలక మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మొహాన నవ్వు తెచ్చుకున్నాడు. ఆ నవ్వు నేను ఎరుగుదును. పాతబడిన కేకును తాజాదని ఇచ్చేటప్పుడు నవ్వే నవ్వు.

"ఆవిడ మాటలు పట్టించుకోకండి టీచర్‌గారూ," అన్నాడు. "మీతో చెప్పకూడదు గాని, తప్పడం లేదు. మా ఆవిడ ఎవరూ చూడకుండా కేకులు తింటుంది. పరీక్షలో దొరికిపోయింది. ఇప్పుడు ఆ నెపం రొట్టె మీదికి తోస్తోంది. కావాలంటే మా అమ్మనడగండి. బీరువాకు తాళం వేసుకుంటున్నది ఆవిడే."

కళ్ళముందు నిలబడి, అన్న ఎదుట ఒప్పుకున్న పావుగంటకే, ఇంత మాట. నేను అరవలేదు. అరిస్తే పిచ్చిదాన్నవుతాను, అరవకపోతే దొంగనవుతాను. ఆయన అంత తెలివిగా కట్టాడు నన్ను.

అత్తయ్య వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ఆవిడ చీరకొంగు నిండా తెల్లటి పొడి. ఒక చేతిలో మడత పెట్టిన కాగితాలు, రెండో చేతిలో, నడుము నుంచి ఊడదీసిన తాళంచెవి. మా ఆయన ఆవిడ వంక చూసి, చెప్పమ్మా అన్నట్టు తలాడించాడు. టాక్సీ డ్రైవరు హారన్ కొట్టాడు.

"చెప్పండి పెద్దమ్మగారూ," అంది టీచరు. "రేపు నా పిల్లకు మందు వెయ్యమని సంతకం పెట్టాలి నేను. ఏది నిజం?"

పెళ్ళయి ఈ గుమ్మం తొక్కినప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ఇంట్లో నా మాట ఒక్కటి చెల్లలేదు. ఆ పిల్ల బతుకు ఇప్పుడు అత్తయ్య నోటి మాట మీద ఉంది. నన్ను దొంగ అన్న నోరు అదే.

ఆవిడ కొడుకు వంక చూసింది. టాక్సీలోని పిల్ల వంక చూసింది. నా వంక చూడలేదు. తాళంచెవిని పిడికిట్లో బిగించి, గొంతు సవరించుకుంది.

"మా కోడలు," అంది.

రోజూ రొట్టె అమ్మేటప్పుడు చెప్పే పాఠమూ అలాగే మొదలవుతుంది.